అత్త నడిపి చూసిన వీలునామా

నాకు కోపం ఎక్కువని మా రిజిస్ట్రారాఫీసు వీధిలో అందరికీ తెలుసు. టీ కొట్టాయన దగ్గర్నుంచి జెరాక్సు కొట్టాయన దాకా ఎవర్ని అడిగినా, దస్తావేజులు బాగా రాస్తాడు గానీ నోరు మంచిది కాదంటారు. ఏం చేయను? ఇరవై ఏళ్ళుగా ఇదే పని. అమ్మకాలు, తనఖాలు, భాగపరిష్కారాలు రాసేటప్పుడు నా కోపం నా చెప్పుచేతల్లోనే ఉంటుంది. వీలునామా రాయమని ఎవరైనా వచ్చినప్పుడే అది కట్లు తెంచుకుంటుంది.

ఎందుకంటే వీలునామాకు ఎవడూ వేళకు రాడు. పెద్దాయన ఆస్పత్రిలో మంచం మీద ఉంటాడు, కొడుకులు కారేసుకుని పరిగెత్తుకొచ్చి సాయంత్రంలోగా రాసిపెట్టమంటారు. వేళకు వచ్చినవాడితో ఇంకో తంటా. 'నా మరణానంతరం' అని రాయగానే ఉలిక్కిపడి, ఆ మాట లేకుండా రాయలేవా అంటాడు. కోవూరు నుంచి వచ్చిన ఒక రైతయితే ఆ మాట వినగానే, ఇప్పుడే వస్తానని లేచి వెళ్ళాడు. రెండేళ్ళయింది, ఇంకా రాలేదు. ఆయన పొలం కాగితాల నకళ్ళు ఇప్పటికీ నా బీరువాలోనే ఉన్నాయి.

అలాంటి నా దగ్గరకు ఒకరోజు మా మేనత్త వచ్చింది. మా నాన్నకు సొంత చెల్లెలు. సముద్రం ఒడ్డున మా పాత పల్లెలోనే ఉంటుంది. అక్కడ నిలబడి చూస్తే కృష్ణపట్నం కరెంటు ఫ్యాక్టరీ గొట్టాలు కనబడతాయి. మా నాన్న చదువుకుని ఊరొదిలి టౌనుకు వచ్చాడు కాబట్టి నేను చొక్కా నలగని పనిలో పడ్డాను. అత్త మాత్రం చేపల మధ్యే ఉండిపోయింది. మామ పోయి పదేళ్ళయింది. అప్పట్నుంచి వాళ్ళ ఫైబరు పడవ, ఇంజను ఆమె పేరునే ఉన్నాయి. కొడుకులిద్దరూ దాని మీదే వేటకు పోతారు.

ఆ ఇద్దరికంటే ముందు పుట్టిన కూతురుంది. అందరూ పాప అంటారు. పాపకు ముప్పై ఎనిమిదేళ్ళు. మనిషి ఎదిగింది గానీ బుద్ధి ఐదారేళ్ళ దగ్గరే ఆగిపోయింది. మాటలు ఓ పది పన్నెండు వచ్చు. వరసకు నాకు మరదలు. చిన్నప్పుడు సెలవులకు పోతే, అదిగో నీ పెళ్ళాం అని ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. నేను ఏడ్చి గోల చేసేవాణ్ణి. పాప మాత్రం నా ఏడుపు చూసి, తన చేతిలో ఏముంటే అది నా చేతిలో పెట్టేది. అది తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

అత్త నా బల్ల ముందు కూర్చుని, నాకోసం తెచ్చిన ఎండురొయ్యల సంచి పక్కన పెట్టి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా విషయానికొచ్చింది.

"అబ్బయ్యా, నేను పోయినాక పాప గతేంది? అది రాయాల. మిగతాది నీ ఇష్టం."

ఉలికిపాటు లేదు, నసుగుడు లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి, తన కాళ్ళ మీద తాను బస్సు దిగొచ్చి, తన చావు గురించి కూరగాయల బేరంలా మాట్లాడుతోంది. నాకు ముచ్చటేసింది. సరే, నా తెలివంతా చూపిద్దామని మొదలుపెట్టాను. ఇల్లు పాప పేరున రాసేద్దాం, అన్నదమ్ములకు పడవ, పోర్టు రోడ్డులో ఉన్న స్థలం రాద్దాం, ఇంటి మీద హక్కుంటే పాపను ఎవరూ బయటకు నెట్టలేరు అన్నాను. ఇలాంటివి ఎన్నో రాశాను. అందరూ తలూపి సంతకం పెట్టి పోయారు.

అత్త తలూపలేదు. "ఇల్లు దాని పేరున ఉంటే దానికి సంబంధాలు వస్తాయి అబ్బయ్యా. ఇన్నేండ్లు రానోళ్ళు అప్పుడొస్తారు" అంది.

నా కలం ఆగిపోయింది. ఆ వైపు నుంచి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆస్తి రక్షణ అనుకున్నాను గానీ, తనను తాను కాపాడుకోలేని మనిషికి ఆస్తే ఎర అవుతుందని నాకు తట్టలేదు. ఈ ఇరవై ఏళ్ళలో ఎంతమంది అమాయకుల పేర్ల మీద ఇళ్ళు రాయించానో లెక్కపెట్టబోయి మానేశాను.

అప్పుడు ట్రస్టు గురించి చెప్పాను. ఆస్తి ఒకరి చేతిలో ఉంటుంది, దాని ఫలం ఇంకొకరిది, చేతిలో ఉన్నవాడు అందులో ఒక్క మెతుకు కూడా తినకూడదు అని విడమరిచాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఇది పెద్ద పెద్దవాళ్ళు చేసుకునే ఏర్పాటు అత్తా, నీకు అర్థం కావడం కొంచెం కష్టం అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అత్త నవ్వింది. "పడవ పాలు గదా నువ్వు చెప్పేది?"

మా వాళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఇది చెప్పాలి. వేట నుంచి వచ్చిన చేపలు అమ్మగా వచ్చిన దాంట్లో ఖర్చులు తీసేసి, మిగిలింది పాళ్ళు వేస్తారు. వేటకు పోయిన మనిషికొక పాలు, వలకొక పాలు, ఇంజనుకొక పాలు, పడవకొక పాలు. పడవ పాలు పడవ గల ఇంట్లోనే ఉంటుంది గానీ ఆ ఇంటి పొయ్యి మీదకు ఎక్కకూడదు. అది పడవ మరమ్మతుకే పోవాలి. మామ తనకు ఆపరేషన్ అయినప్పుడు కూడా బయట అప్పు తెచ్చాడు గానీ, మంచం కింద డబ్బాలో ఉన్న పడవ పాలు ముట్టలేదు. ఇదంతా నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసి కూడా, నేను పుస్తకంలో చదివి పరీక్ష రాసిన ట్రస్టూ ఇదీ ఒకటేనని నా బుర్రకు ఎక్కలేదు.

"పడవకు నోరు లేదు. నాకియ్యండి అని అడగలేదు. అందుకే దాని పాలు ముందు తీస్తారు. పాపకూ నోరు లేదు. దానిక్కూడా ఒక పాలు పెట్టు" అంది అత్త.

ఆమెకు సంతకం రాదు. నా బల్ల మీద చట్టం పుస్తకాలు నాలుగున్నాయి. ఆ నాలుగింటిలో ఉన్నదాన్ని ఆమె నాలుగు మాటల్లో నా ముందు పెట్టి, మంచినీళ్ళు ఇయ్యి నాయనా అంటోంది.

తర్వాత మూడు వారాలు ఆ వీలునామాకు కూర్చున్నాం. నా తల ప్రాణం తోకకొచ్చింది. నేను పడవ నంబరు, పొడవు, ఇంజను హార్స్‌పవరు అన్నీ పొందిగ్గా రాసి, ఆ పడవ మీద వచ్చే దాంట్లో పాపకొక పాలు అని చదివి వినిపించాను. ఈ పడవ ఇంకో ఐదేండ్లుంటే గొప్ప, పాప ఇంకా ముప్పై ఏండ్లుండాల గదా, పడవ పోతే పాలు పోతుందా అని అడిగింది. నేను చెరిపి, 'నా కొడుకులు ఎప్పుడు ఏ పడవ మీద వేట చేసినా' అని రాశాను. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం కదా, అప్పుడు దానికేంది అంది. పోర్టు రోడ్డులో స్థలాన్ని లారీలు నిలిపేందుకు అద్దెకిచ్చి ఉన్నారు, ఆ అద్దె పాపకని రాశాను. ఇల్లు కొడుకులిద్దరికీ, అందులో వాకిటి గది మాత్రం పాప బతికినంత కాలం పాపది.

ఆ పాలు చేతిలో పెట్టుకుని పాపకు ఖర్చు చేయడానికి ఇద్దర్ని పెట్టమంది. ఒకరు పెద్దకొడుకు. రెండోవారు పడవ నడిపే పెద్దాయన, ఆమెకు దూరపు చుట్టం. నాకు నవ్వొచ్చింది. వాళ్ళిద్దరికీ రెండేళ్ళుగా పడదు. ఒకే పడవ మీద పోయి కూడా పనికి తప్ప పలకరించుకోరు. అత్తా, ఇంకెవరూ దొరకలేదా అన్నాను. పాప డబ్బు తినాలంటే ఇద్దరూ కలవాలి గదా, వీళ్ళిద్దరూ కలిసి టీ కూడా తాగరు అంది. నేను ముక్కున వేలేసుకున్నాను.

రాత పూర్తయింది. రిజిస్ట్రేషన్‌కు స్లాటు బుక్ చేశాను. సాక్షులిద్దర్నీ మాట్లాడాను. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసు మెట్ల మీద నిలబడ్డాను. పదకొండు దాటింది, పన్నెండు దాటింది, అత్త లేదు. ఫోన్ చేస్తే, ఇంకా తడిపి చూడలేదు గదా, అప్పుడే రిజిస్ట్రీ ఏంది అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సాక్షులకు భోజనం పెట్టించి పంపి, నేరుగా బస్సెక్కి పల్లెకు పోయాను, కడిగేయాలని.

అత్త ఇసకలో వలపట్టా పరిచి కవళ్ళనే చిన్న చేపలు ఎండబెడుతోంది. నేను ఎంత అరిచినా చేతిలో పని ఆపలేదు. నా గొంతు ఆరిపోయాక అప్పుడు చెప్పింది. మా పల్లెలో కొత్త వల కట్టుకున్నవాడు దాన్ని నేరుగా లోతుకు తీసుకుపోడు. ముందు ఒడ్డు దగ్గర నడుం లోతు నీళ్ళలో దించి చూస్తాడు. పైన కట్టిన బెండ్లు తేలుతున్నాయా, అడుగున గుండ్లు సమంగా లాగుతున్నాయా, ఎక్కడన్నా మడత పడుతోందా అని చూసి, ఒడ్డుకు తెచ్చి సరిచేసి, మళ్ళీ దించుతాడు. నువ్వు రాసిందీ ఒకసారి దించి చూడాల్సిందే అంది.

వీలునామా మనిషి పోయాకే అమల్లోకి వస్తుంది, బతికుండగా దాన్ని దించేదేంటని కేకలేశాను.

"నువ్వు ఇంతమందికి రాసినావే. ఒక్కరన్నా తిరిగొచ్చి, నువ్వు రాసింది బాగా నడిచిందబ్బయ్యా అని చెప్పినారా?"

"ఎట్లా చెప్తారు అత్తా? చచ్చిపోయారు కదా!"

"అందుకే" అంది అత్త.

నా చేతి రాత మీద నాకున్న గర్వమంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. రాసి, ముద్ర వేయించి, ఫీజు తీసుకుని పంపించడమే గానీ, నా కాగితాలు ఆ ఇళ్ళలో ఎలా నడిచాయో, అసలు నడిచాయో లేదో నేనెప్పుడూ వెళ్ళి చూసినవాణ్ణి కాదు.

ఆమె ఏర్పాటు ఇది. కొడుకుల్నీ పెద్దాయన్నీ కూర్చోబెట్టి నాచేత రాసిందంతా చదివించింది. పాప పాలు రేపట్నుంచే మొదలుపెట్టండి, అలవాటు కావాల అని చెప్పింది. వాళ్ళు సరేనన్నారు. ఆ తర్వాత, తమిళనాడు సరిహద్దున తడలో ఉన్న, పినతల్లి కూతురైన చెల్లెలికి కంటి ఆపరేషన్, కొన్నాళ్ళు తోడుండి వస్తానని ఇంట్లో చెప్పింది. నిజానికి ఆ ఆపరేషన్ అయి అప్పటికే ఏడాది దాటింది. రెండు అమావాస్యలు దాటేదాకా రాదట. వేట బాగుండే రోజులూ, లేని రోజులూ రెండూ రావాలట. ఆమె పోయాక ఇల్లెలా ఉంటుందో అలా నడవాలి, తాను చచ్చిపోయినట్టే లెక్క. ఈ సంగతి నాకొక్కడికే తెలియాలి. నేను ఆదివారం ఆదివారం వచ్చి చూసిపోవాలి, వేలు పెట్టకూడదు.

మరి ఏదన్నా అవసరమైతే ఫోన్ చేయనా అంటే, "చచ్చినోళ్ళు ఫోను ఎత్తుతారా?" అని నా కళ్ళముందే ఫోన్ ఆఫ్ చేసి సంచిలో వేసుకుంది. పాపకు తల దువ్వి, జడ వేసి, ఏమీ చెప్పకుండానే బస్సెక్కింది. చెప్తే ఆ పిల్లకు అర్థం కాదు. బస్సు కదిలేటప్పుడు నేను అత్త మొహం చూడలేదు, పాప మొహమే చూశాను. పాప బస్సుకేసి చెయ్యి ఊపింది.

మొదటి ఆదివారం పోయి చూసి మురిసిపోయాను. నా రాత రైలు పట్టాల మీద నడిచినట్టు నడుస్తోంది. పెద్దాయన పాప పాలు తీసి పక్కన పెడితే, పెద్దోడు, అదే అత్త పెద్దకొడుకు, వచ్చి సరిచూస్తున్నాడు. పెద్దోడు తీస్తే పెద్దాయన చూస్తున్నాడు. ఒకరి మీద ఒకరికున్న కోపమే పాపకు కాపలా అయింది. పాపకు కొత్త నైటీ కొన్నారు. పెద్దకోడలు మనసున్న మనిషి. వంజరం ముక్క మొదట పాపకే పెడుతోంది. వాకిటి గదిలో ఫ్యాను పెట్టించారు. నేను తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నా అంతటి దస్తావేజు రాసేవాడు ఈ జిల్లాలో లేడనుకున్నాను.

రెండో ఆదివారం పాప గడప మీద కూర్చుని ఉంది. తల నున్నగా దువ్వి ఉంది, పూలు పెట్టి ఉన్నాయి. పక్కన కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. నన్ను చూసి నవ్వలేదు. నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదని, ఎత్తి పెడితే ఉమ్మేస్తోందని కోడలు చెప్పింది. అమ్మ మీద బెంగలే, సర్దుకుంటుంది అన్నాను.

మూడో ఆదివారానికి పాప చెంపలు లోపలికి పోయాయి. డాక్టరుకు చూపించారట, రోగమేమీ లేదన్నాడట. గోడకు ఆనుకుని కూర్చుని ఎటో చూస్తోంది. బావ వచ్చాడు అంటే తల కూడా తిప్పలేదు. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఏం తక్కువ చేసినాం అన్నా? చెప్పండి, ఏం తక్కువ చేసినాం?" అంది. నిజంగానే ఏమీ తక్కువ చేయలేదు. నేను రాసిన ప్రతి అక్షరం చేశారు. అదే నన్ను భయపెట్టింది. కాగితం ప్రకారం అన్నీ జరుగుతున్నాయి, మనిషి మాత్రం కళ్ళముందు తరిగిపోతోంది. తడకు ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. వేలు పెట్టకూడదన్న మాట గాలికొదిలేసి, మర్నాడు పొద్దున్నే తడ బస్సెక్కాను.

తడలో బోర్డులు సగం తమిళంలో ఉంటాయి. ఫ్యాక్టరీ బస్సులు ఒకదాని వెంట ఒకటి పోతుంటే రోడ్డు దాటడానికే పావుగంట పట్టింది. అత్త చెల్లెలి ఇంటి పంచలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఆమె మొహం పాలిపోయింది. అయినా, నువ్వెందుకొచ్చినావని కసిరింది. ఎవర్ని పిలుచుకుపోదామని వచ్చినావు, నేను నిజంగా పోయుంటే యాడికొస్తావు అంది. నాకు కోపం నషాళానికి ఎక్కింది. పాప అన్నం మానేసి చచ్చిపోతోంది, ఇక చాలించు నీ నాటకం అన్నాను.

అత్త లేచి నిలబడింది.

"పొద్దున్నే ఏం చేస్తా ఉండాది?"

"ఏమీ లేదు. కూర్చుంటుంది. కోడలు పని ముట్టనివ్వడం లేదు. తల్లి ఊళ్ళో లేకపోతే ఆడబిడ్డ చేత చాకిరీ చేయిస్తున్నారని నలుగురూ అంటారని వాళ్ళ భయం. పాలు ఎట్లాగూ వస్తోంది, ఎండలో ఎందుకు మాడాలని అందరూ అన్నారట."

"ఒడ్డుకు పోవడం లేదా?"

"లేదు."

"చేతులు?"

"చేతులేంటి?"

"చేతులు యాడ పెట్టుకుంటుంది?"

"ఒళ్ళో" అన్నాను.

అత్త మళ్ళీ కూర్చుంది. పాప రోజూ పడవ వచ్చే వేళకు అమ్మ వెంట ఒడ్డుకు పోయేది. వలలోంచి చేపలు విడిపించి, కానాగంతలు ఒకవైపు, కవళ్ళు ఒకవైపు, పీతలు బుట్టలో, అలా ఏరి కుప్పలు పెట్టేది. పది దాటి లెక్క రాని మనిషి, ఏ చేప ఏ కుప్పలోకి పోవాలో ఒక్కసారి కూడా తప్పేది కాదు. అందరూ అది తల్లి వెంట తిరిగే అలవాటు అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. అది ఆ పిల్ల పని అని ఎవరికీ తోచలేదు.

"వాళ్ళ తప్పు కాదు అబ్బయ్యా. నేను రాయించిన దాంట్లోనే ఉండాది పొరపాటు. నోరు లేదని పాలు పెట్టినా. దానికి చేతులుండాయని మరిచిపోయినా."

నేను ఆమె సంచి తీసుకుని, పద పోదాం అన్నాను. అత్త చెప్పులేసుకుంది. గడప దాకా వచ్చింది. అక్కడ ద్వారబంధం పట్టుకుని ఆగిపోయింది.

"నేనొస్తే నన్ను చూసి తింటాది. అప్పుడు సరయింది కాగితమో, నేనో ఎట్టా తెలుస్తాది?"

అప్పుడు నేను అనరాని మాట అన్నాను. నువ్వు తల్లివేనా అన్నాను. నా నోరు మంచిది కాదని ముందే చెప్పాను. అత్త నన్ను తిట్టలేదు. నిజంగా పోయిన రోజు రమ్మన్నా రాలేను గదా నాయనా, అప్పుడు అదేమై పోవాల అంది. నువ్వు పోయి, చేపలు ఏరే పని దానిదేనని ఈ ఒక్క మాట చేర్చి వాళ్ళకు చదివి వినిపించు, నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దు, తిన్నా తినకపోయినా మళ్ళీ నా దగ్గరకు రావద్దు అని చెప్పి లోపలికి వెళ్ళింది. నేను బస్టాండు దాకా ఏడుస్తూనే నడిచాను.

ఆ రోజే పల్లెకు పోయి, ఒడ్డున పడవ నీడలో కూర్చుని ఆ మాట నా చేత్తో రాశాను. 'వలలోని చేపలు ఏరి కుప్పలు పెట్టే పని నా కూతురిది. ఆమెను పిలవకుండా వల విప్పరాదు. ఆమె ఏరనిదే పాళ్ళు వేయరాదు.' ఇరవై ఏళ్ళలో ఇలాంటి షరతు నేను రాయలేదు. ఏ కోర్టు దీన్ని పట్టించుకుంటుందో నాకు తెలియదు. నేను రాయడం మరిచిన షరతు ఒకటుందని చెప్పి పెద్దోడికీ పెద్దాయనకూ చదివి వినిపించాను. ఇద్దరూ తలలొంచుకున్నారు. పాప పనిని మనమే లాక్కున్నామా అని పెద్దాయన తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. పెద్దోడు ఆయన మొహంలోకి సూటిగా చూసి, అవును మామా అన్నాడు.

నేను ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. పొద్దున పడవ వచ్చింది. ఎవరూ వల ముట్టుకోలేదు. పెద్దోడు తడి బట్టలతోనే ఇంటికి వెళ్ళి, "పాపా, వలొచ్చింది, దా" అన్నాడు. పాప అతని వంక చూసింది. అతను మళ్ళీ అన్నాడు. గోడ పట్టుకుని లేచింది. నడవడానికి కూడా సత్తువ లేదు, పెద్దకోడలు పట్టుకుని తీసుకొచ్చింది. వల ముందు కూర్చున్నాక మొదటి చేప విడిపించడానికి చాలాసేపు పట్టింది. రెండోది కొంచెం తొందరగా వచ్చింది. ఆ తర్వాత ఆ చేతుల్ని చూస్తూ ఐదుగురు మగవాళ్ళు, పెద్దకోడలు, నేను నిలబడ్డాం. ఆ పూట పాప అన్నం తింది. ఇంకా కావాలని కంచం చూపించింది.

ఆ సంగతి అత్తకు చెప్పడానికి ఎన్నిసార్లు ఫోన్ చేశానో. స్విచ్చాఫ్. తిట్టుకున్నాను, విసిరికొట్టాను, మళ్ళీ చేశాను. ఇంకా రెండు వారాలుంది. కూతురు తిన్నదో లేదో, అసలు ఉందో లేదో తెలియకుండా ఆ రెండు వారాలు ఆమె తడలో కూర్చుంది. తర్వాత ఆమె చెల్లెలు చెప్పింది, రోజూ పడవ వచ్చే వేళకు లేచి గడపలో కూర్చునేదట, ఎవరు పలకరించినా పలికేది కాదట. ధైర్యం గల మనుషుల్ని నేను చూశాను. సముద్రం మీద పోయే వంశంలో పుట్టాను. కానీ ఇలాంటి ధైర్యం ఇంకెక్కడా చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

రెండో అమావాస్య దాటిన మర్నాడు అత్త వచ్చింది. మొదటి బస్సుకే వస్తుందని నాకు తెలుసు, అందుకే నేను ముందు రోజే చేరాను. అప్పుడే పడవ ఒడ్డుకు లాగారు. వల నిండా కానాగంతలు. పాప కూర్చుని ఏరుతోంది, మోచేతుల దాకా పొలుసులు. అత్త సంచి పట్టుకుని ఇసకలో వస్తోంది. సన్నబడిపోయింది. దూరం నుంచే పాపను చూసింది. చూసి, చేతిలో సంచి ఇసకలో వదిలేసి పరుగులాంటి నడకతో వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి.

"పాపా" అని పిలిచింది.

పాప తలెత్తింది. మొహమంతా నవ్వయింది. లేస్తుందని, వచ్చి వాటేసుకుంటుందని నేను అనుకున్నాను. ఎప్పుడూ అలాగే చేసేది. అమ్మ సంతకు పోయి వచ్చినా చంటిపిల్లలా చంకనెక్కినంత పని చేసేది. ఈసారి లేవలేదు. ఒక చేతిలో చేప ఉంది. ఇంకో చెయ్యి ఎత్తి అరచెయ్యి చూపించింది.

"ఉండమ్మా. పని" అంది. మళ్ళీ వల మీదకు వంగింది.

అత్త నిలబడినచోటే నిలబడిపోయింది. తర్వాత మెల్లగా ఇసకలో కూలబడింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నడిచింది అత్తా, నువ్వు రాయించింది నడిచింది, రేపే స్లాటు బుక్ చేస్తాను అన్నాను. తలూపింది. చాలాసేపు పాప చేతుల్నే చూస్తూ ఉండిపోయింది.

"నేను లేకపోయినా ఉంటాదా అని చూసుకునేదానికే గదా పోయినాను. ఉండాది గదా. మరి నాకింత బాధేంది అబ్బయ్యా?"

నేను లేచి వెళ్ళి, ఆమె ఇసకలో వదిలేసిన సంచి తెచ్చి పక్కన పెట్టాను. పాప పని అయ్యేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.